అన్నదమ్ముల సంఘానికి ఒక బావ

పోయిన నెల జడ్చర్ల నుంచి మేరీ అక్క పోయిందని కబురొస్తే, నేనూ మా ఆయనా కారు కిరాయికి మాట్లాడుకుని పొద్దున్నే బయలుదేరి పోయాం. ఇద్దరివీ పనికిరాని మోకాళ్లే కాబట్టి కారు దిగడానికే చాలాసేపు పట్టింది. వాకిట్లో ఒక పాస్టరు, ముప్పై ఏళ్లుంటాయేమో, వచ్చిన బంధువులను వరసగా కూర్చోబెడుతున్నాడు. నా నుదుటి మీది పెద్ద బొట్టును ఒకసారి చూసి, "అమ్మా, మీరు ఆమెకేమైతరు?" అని మర్యాదగానే అడిగాడు. "చెల్లెను. మా పెదనాయిన బిడ్డ" అన్నాను. ఆయన తల ఊపి మా ఆయన వైపు తిరిగాడు. మా ఆయన కళ్లు తుడుచుకుంటూ పాత అలవాటు కొద్దీ, "తమ్ముణ్ణి. మా పెదనాయిన బిడ్డనే" అన్నాడు. "అంటే మీరిద్దరు అన్నాచెల్లెండ్లా?" అని అడిగాడు పాస్టరు. "కాదయ్యా, మొగుడు పెండ్లాలం" అన్నాను. ఆయన మమ్మల్ని మార్చి మార్చి చూసి, పూలదండలు వచ్చాయో లేదో చూసి వస్తానని లోపలికి పోయాడు. సమాధుల తోటలో కూడా మా పక్కకు రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు షాద్‌నగర్ దాటేదాకా నేను మా ఆయనను సాధిస్తూనే ఉన్నాను. ఇన్నేళ్ల సంసారం తర్వాత కూడా వరస సరిగా చెప్పడం రాని మనిషితో ఎట్లా వేగేది అన్నాను. "దుఃఖంల నోటికొచ్చి అనేసిన" అన్నాడు పాపం. ఆ తర్వాత ఆయన నిద్రపోయాడు. నేను మాత్రం ఆ పాస్టరు ముఖమే తలుచుకుంటూ కూర్చున్నాను. ఆయన తప్పేమీ లేదు. మా వరసలు తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోయి, ఇప్పుడు మేమిద్దరమే మిగిలాం. మేము కూడా పోతే ఈ ముచ్చట చెప్పేవాళ్లు ఉండరు. అందుకే రాస్తున్నాను.

మా నాయిన రాములు జడ్చర్లలో దర్జీ. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. మధ్యలో తలుపు లేదు, అమ్మ పాత చీర ఒకటి పరదాగా వేలాడేది. పొద్దున నేను లేచేసరికే నాయిన మిషను తుడిచి నూనె వేసి, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి పెట్టేవాడు. కొత్తగుడ్డ గంజి వాసన, మిషను నూనె వాసన, బొగ్గు వాసన, వీటి మీద అమ్మ పోపు పెట్టే పచ్చిపులుసు వాసన కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఏ దర్జీ దుకాణం ముందు నుంచి పోయినా నాకు ఆకలి వేస్తుంది. పదో తరగతి అయిపోయాక కాజాలు కుట్టడం, గుండీలు వేయడం నా పని. నాయిన కత్తెర పట్టుకుంటే మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే కత్తెర వంకర పోతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని అమ్మ తను చెప్పాల్సినవన్నీ ఆయన గుడ్డ కత్తిరిస్తున్నప్పుడే చెప్పేది.

ఆదివారం మాత్రం మిషను మూతపడేది. గుడ్డలు కత్తిరించే బల్లను గోడకు జరిపి, చాప మీద జంపఖానా పరిచేవాళ్లం. అమ్మ ఇన్ని శెనగ గుడాలు ఉడకబెట్టి, పెద్ద గిన్నె నిండా చాయ్ కాచేది. పొద్దున తొమ్మిదింటికల్లా అన్నదమ్ముల సంఘం వచ్చి కూర్చునేది. వాళ్లను నేను పరదా వెనక నుంచే వాసనతో గుర్తుపట్టేదాన్ని. టింక్చర్ వాసన వస్తే దవాఖాన కంపౌండర్ ప్రకాశం పెదనాయిన. కిరసనాయిలు, బొగ్గుపొగ వాసన వస్తే రైల్వే స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసే మల్లయ్య చిన్నాయిన. అత్తరు వాసన వీధి మలుపులోనే మొదలైతే పటేలు. మొత్తం పదకొండు మంది ఉండేవాళ్లు గాని, నా కథకు మా నాయినా ఈ ముగ్గురూ చాలు.

సంఘం ఎట్లా పుట్టిందో మా ఇంట్లో చాలాసార్లు విన్నాను. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక ఎండాకాలం కలరా తిరిగిందట. రైలు దిగిన ముసాఫిరు ఒకాయన ప్లాట్‌ఫారం మీదనే ప్రాణం వదిలాడు. ఊరూ పేరూ తెలియదు, ముట్టుకునే దిక్కు లేదు. మల్లయ్య చిన్నాయిన ఎండలో ఆ శవం పక్కన నిలబడి వచ్చే పోయేవాళ్లను పిలిచాడట. బదిలీ మీద కొత్తగా సొంతూరి దవాఖానకు వచ్చిన ప్రకాశం పెదనాయిన వచ్చాడు. తెల్లగుడ్డ కోసం మా నాయిన దగ్గరికి మనిషిని పంపితే, నాయిన గుడ్డతో పాటు తానూ పోయాడు. మోయడానికి నాలుగోవాడు దొరకలేదు. వెనక రెండు కొసలూ మల్లయ్య చిన్నాయిన ఒక్కడే పట్టుకున్నాడు. పూడ్చిపెట్టి, బావి దగ్గర స్నానాలు చేసి కూర్చున్నప్పుడు ఆయనే అన్నాడట, "రేపు మనల్నెవరు మోస్తరు?" అని. ఆ నాలుగోవాణ్ణి వెతకడానికే ఆ రోజు సంఘం పెట్టుకున్నారు.

కాగితం మీద మొదటి సంతకం ప్రకాశం పెదనాయినది, ఎందుకంటే కలం ఆయన జేబులో ఉంది. రెండోది నాయినది. మూడోది మల్లయ్య చిన్నాయిన వేలిముద్ర. వయసు చూస్తే ఈ వరస పూర్తిగా తలకిందులు. ముగ్గురిలో పెద్దవాడు మల్లయ్య చిన్నాయిన, అందరికంటే చిన్నవాడు ప్రకాశం పెదనాయిన. కానీ ముందు చేరినవాడు అన్న, తర్వాత చేరినవాడు తమ్ముడు అని రాసుకున్నారు, అంతే. వయసు అడగకూడదు, కులం అడగకూడదు, అన్నను పేరు పెట్టి పిలవకూడదు. ఒకరింట్లో ఆపద వస్తే పిలవకముందే పోవాలి, పిలిచాక పోతే పోయినట్టు కాదు. చేరినవాడు బయటికి పోవడానికి లేదు. నెలకొక ఆదివారం పెద్దన్న భార్య ఒక జొన్నరొట్టె చేసి పంపితే, దాన్ని అందరూ తుంచుకుని తినాలి. పదకొండు మంది అయ్యేసరికి ఒక్కొక్కరికి గోరంత ముక్క వచ్చేది. అయినా దాన్ని పంచడానికి అరగంట పట్టేది.

పెద్దవాళ్ల వరసలు పిల్లలకూ వచ్చాయి. నా కంటే పన్నెండేళ్లే పెద్దయిన ప్రకాశం నాకు పెదనాయిన, ఆయన బిడ్డ మేరీ ఉయ్యాలలో ఉన్నా నాకు అక్క. పెద్దన్న పిల్లలు మాత్రమే ఇట్లా అందరికీ పెద్ద, మిగతా పిల్లల్లో వయసే చూసేవాళ్లు. నేను రెండు జడలు వేసుకుని, పాలసీసా నోట్లో పెట్టుకున్న పిల్లను "అక్కా, ఏడవకే" అని ఊపేదాన్ని. ఎవరైనా నవ్వితే అమ్మ ఊరుకునేది కాదు. అమ్మకు ఈ వరసల మీద అంత గౌరవం ఉండడానికి కారణం ఉంది. పటేలు భార్య, అరవై ఏళ్ల మనిషి, ఒళ్లంతా బంగారంతో వచ్చి మా అమ్మను "అక్కా" అని పిలవాల్సి వచ్చేది.

పటేలు సంఘంలో చేరింది అధ్యక్షుడు కావడానికి. ఊళ్లో పదిమంది ఎక్కడ కూడినా మధ్య కుర్చీ తనదే అని ఆయన నమ్మకం. చేరుతున్నానని ఊరంతా చాటుకున్నాక, చివరగా చేరాడు కాబట్టి అందరికీ తమ్ముడని చెప్పారు. వెనక్కి పోతే పరువు పోతుంది. ప్రకాశం పెదనాయిన తాత పటేలు ఇంట్లో పాలేరుగా జీతం ఉన్న మనిషి, ఆ వాకిట్లోకి చెప్పులతో పోయిన వంశం కాదు. ఆయన మనవడిని "అన్నా" అనడానికి పటేలుకు రెండు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం దగ్గాడు. రెండో ఆదివారం గోడ వైపు తిరిగి అన్నాడు.

రొట్టె దగ్గర ఇంకో తిప్పలు. ఆయన ముక్క తీసుకునేవాడు, నోటి దాకా తెచ్చేవాడు, దవడ కూడా ఆడించేవాడు. ఒకసారి ఆయన అంగీ చిరిగి మా దుకాణానికి వచ్చింది. జేబులో ఎండిన రొట్టెముక్కలు నాలుగు దొరికాయి. నాయిన వాటిని చూశాడు. తర్వాత నెల పటేలుకు కొత్త అంగీలు నాలుగు కుట్టి ఇచ్చాడు, ఒక్కదానికీ జేబు లేదు. "జేబేది రాములన్నా?" అంటే "గుడ్డ సాలలే తమ్మి" అన్నాడు. ఆ ఆదివారం పటేలు చెయ్యి రొట్టెముక్కతో ఛాతీ మీద అటూ ఇటూ తిరిగింది. అందరూ శెనగ గుడాల వైపు చూస్తున్నారు. చివరికి తిన్నాడు. నమిలి మింగి, "ఉప్పు జర తక్కువైంది" అన్నాడు. "వచ్చే నెల ఎక్కువేపిస్త తమ్మి" అన్నాడు ప్రకాశం పెదనాయిన.

ఇట్లా చెబితే అది నవ్వులాట సంఘం అనిపిస్తుందేమో. కాదు. అమ్మకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పది ఇళ్ల నుంచి అన్నం వచ్చింది. పది రకాల పప్పు, పది రకాల తొక్కు. అమ్మ మంచం మీద పడుకుని వాటిని చూస్తూ గంజి తాగింది, బాగయ్యాక ఎవరి పప్పులో పోపు మాడిందో పేరుపేరునా చెప్పింది. పటేలు కొడుకులు వాటాలు పంచుకుని వేరుపడి పోయాక ఆయన కాలు విరిగి పడితే, మల్లయ్య చిన్నాయిన డ్యూటీ దిగి నేరుగా పోయి మంచం పక్కన కూర్చునేవాడు. ప్రకాశం పెదనాయిన రెండు నెలలు ఆయనను లేపి కూర్చోబెట్టి తన చేత్తో గంజి తాగించాడు. అప్పటి నుంచి పటేలు గోడ వైపు తిరగకుండానే అన్నా అనడం మొదలుపెట్టాడు. రొట్టెలో ఉప్పు సంగతి మాత్రం అనడం మానలేదు.

ఇక నా సంగతి. మల్లయ్య చిన్నాయినకు ఒక్కడే కొడుకు, శంకరయ్య. పాలమూరులో టీచర్ ట్రైనింగ్ చదువుతూ ప్రతి శనివారం ప్యాసింజర్‌లో ఇంటికి వచ్చేవాడు. మేరీ అక్క తప్ప, ఆయన కంటే చిన్నవాళ్లయిన సంఘం పిల్లలందరూ ఆయనను శంకరన్నా అనేవాళ్లు. నేను అనలేదు. ఆరేళ్లు అనలేదు. ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుసు. పిలవాల్సి వస్తే "ఇగో" అనేదాన్ని, గిన్నె చప్పుడు చేసేదాన్ని, ఎదురుగా పోయి నిలబడేదాన్ని. ఒకసారి ఆయన వెనక ఎద్దు తరుముకొస్తుంటే కూడా "ఇగో, ఎద్దు!" అనే అరిచాను. ఆయన సంగతీ అంతే. వచ్చి గడపలో నిలబడి మిషను వైపు చూస్తూ "పెదనాయిన లేడా?" అనేవాడు, నాయిన ఎదురుగా కూర్చున్నా సరే. వారానికొక గుండీ ఊడేది ఆయన అంగీకి. రైల్లో ఊడిందనేవాడు. గుండీలు కుట్టేదాన్ని నేను, ఊడిన దారానికీ బ్లేడుతో కోసిన దారానికీ తేడా నాకు తెలియదా? తెలిసీ గట్టిగా కుట్టేదాన్ని, మరుసటి వారం ఏం చేస్తాడో చూద్దామని.

నాకు సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. తిరుమలగిరి నుంచి ఒకటి వచ్చింది, ఇంకో రెండు వచ్చాయి. నేను అన్నం తగ్గించాను. ఒకరోజు షాద్‌నగర్ నుంచి మా మేనమామ వచ్చి, నాయిన గుడ్డ కత్తిరిస్తుండగా పక్కన కూర్చుని అన్నాడు, "మల్లయ్య పిలగాడు కండ్ల ముంగట తిరగవట్టె. మన కులమే, గోత్రం వేరు. రేపు సర్కారు నౌకరి. ఊర్లు వట్టుకొని తిరుగుడెందుకు బావా?" మా నాయిన కత్తెర ఆగింది. "ఏం మాట్లాడుతున్నవ్? వాడు నా తమ్ముని కొడుకు. అన్నాచెల్లెండ్లకు లగ్గం జేస్తరా?" అన్నాడు. మేనమామ నవ్వాడు, నాయిన నవ్వలేదు. "నిజంగనే అంటున్నవా?" అని అడిగాడు మేనమామ. "అన్న అంటే అన్ననే. ఉత్తగ అంటమా?" అన్నాడు నాయిన. ఆ రోజు కత్తిరించిన గుడ్డ నిజంగానే వంకర పోయింది. పరదా వెనక నేను సూది వేలికి గుచ్చుకుని ఏడ్చాను. అమ్మ వచ్చి వేలు చూసి, ఇంత చిన్న గాటుకు ఇంత ఏడుపు రాదని తెలిసిన మనిషి కాబట్టి, ఆ సాయంత్రమే మల్లయ్య చిన్నాయిన భార్య లక్ష్మమ్మ చిన్నమ్మ ఇంటికి పోయింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గాని, వచ్చే ఆదివారానికి ఆ ముచ్చట సంఘం ముందుకు వచ్చింది.

ప్రకాశం పెదనాయిన మొదలుపెట్టాడు. "రాములు తమ్మి బిడ్డకు, మల్లయ్య తమ్మి కొడుక్కు లగ్గం మాటొచ్చింది. మన వరసల వాళ్లిద్దరు అన్నాచెల్లెండ్లు. ఏం జేద్దాం?"

"వరస మనం పెట్టుకున్నదే గద అన్నా, తీసేస్తె పోతది" అన్నారెవరో.

"పెట్టుకున్నదే. గని పెట్టుకున్న వరస ఇయ్యాల ఉత్తదంటే, రేపు పటేలు తమ్మి నన్ను అన్నా అని ఎందుకంటడు?"

అందరూ పటేలు వైపు చూశారు. పటేలు జేబు లేని తన ఛాతీ వైపు చూసుకున్నాడు.  ఆ ఒక్క మాట మీదనే ఆ పదకొండు మందీ కూర్చుని ఉన్నారని నాకు ఆ వయసులోనే అర్థమైంది. అర్థమై నాకు ఒరిగిందేమీ లేదు, ఏడుపు ఇంకా ఎక్కువైంది. అప్పుడు ప్రకాశం పెదనాయిన నన్ను పిలిచాడు. "బిడ్డా, నిజం జెప్పు. శంకర్ని ఎన్నడన్న అన్నా అని పిలిచినవా?"

"పిలవలే పెదనాయినా."

"ఒక్కపారి గూడ?"

"ఒక్కపారి గూడ పిలవలే. ఇగో అంటి."

"ఆరేండ్ల సంది ఇగో అనే అన్నవా?" అని అడిగాడు పటేలు. నేను తల ఊపాను. పటేలు తొడ చరుచుకుని నవ్వాడు. "అన్నలూ, మనం అన్న అన్నా అని అనుకుంట కూసున్నం. గీ పిల్ల మనకన్న హుషారున్నది" అన్నాడు. మా నాయిన తల ఎత్తలేదు. మల్లయ్య చిన్నాయిన మాత్రం నన్ను చూసి మెల్లగా నవ్వాడు.

దారి చూపింది పటేలే. జీవితమంతా ఊరి భూముల కాగితాలు తిరగేసిన మనిషి. "పట్టా ఉన్నోణ్ణి కొట్టేయరాదు, గని పేరు మార్పిడి జేయొచ్చు" అన్నాడు. "తమ్మిని తీసేయం. బావను జేద్దాం. మల్లన్న పెండ్లాన్ని మన సంఘంల చెల్లెగ చేర్చుకుందాం. చెల్లె మొగడు బావ గాక ఏమైతడు? గప్పుడు లక్ష్మమ్మ గీ పిల్లకు మేనత్త. మేనత్త కొడుకు! అంతకన్న మంచి సంబంధం దేశం తిరిగినా దొర్కదు."

అందరి ముఖాలూ వెలిగాయి. లక్ష్మమ్మ చిన్నమ్మ ఒక్క మాటతో నాకు మేనత్త అయిపోతుందని నేను పరదా పట్టుకుని గాలి పీల్చుకున్నాను. అప్పుడు పటేలు మిగతా సగం చెప్పాడు. ఆమె చేరాలంటే ముందు మల్లయ్య చిన్నాయిన సంఘంలో ఉండకూడదు. ఉంటే ఆయనకు కూడా ఆమె చెల్లెలు అవుతుంది.

మా నాయిన వెంటనే లేచాడు. "గట్లయితే మల్లయ్య ఎందుకు? నేనే పోత. నేనే బావనైత." పరదా వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది, "ఐతే నేను చేరుత. గీ చాయ్ పోసుడన్న తప్పుతది." ప్రకాశం పెదనాయిన ఇద్దరినీ కూర్చోమన్నాడు. ఆడపిల్ల తండ్రి బావ అయితే పెండ్లికొడుకు వైపు మర్యాదలు ఎవరు చేస్తారని ఇంకొకరు లేవదీశారు. చాయ్ చల్లారిపోయింది.  చివరికి మల్లయ్య చిన్నాయిన లేచి, "బండొచ్చే యాళ్లయింది" అని చెప్పి పోయాడు. ఆ సమయంలో ఏ బండీ లేదని జడ్చర్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆయన ఎందుకు పోయాడో నాయిన నాకు ఆ రోజే చెప్పాడు. మల్లయ్య చిన్నాయినకు తల్లీదండ్రీ చిన్నప్పుడే పోయారు, వాళ్ల కులం, ఇంటిపేరు తప్ప ఇంకేమీ గుర్తు లేదు. రైలు పట్టాలు వేసే గ్యాంగు వాళ్ల మధ్య పెరిగాడు, ఎవరి గుడిసెలో పెడితే ఆ గుడిసెలో తిన్నాడు. "నలభై ఏండ్లకు నాకొక అన్న దొరికిండు అని అందరికి చెప్పుకునేటోడు" అన్నాడు నాయిన, మిషను మీద చెయ్యి పెట్టుకుని. నాకు సిగ్గేసింది. నా పెండ్లి కోసం ఆయన దగ్గర ఉన్న ఒకే ఒక్కదాన్ని అడుగుతున్నామని తెలిసి, తిరుమలగిరి సంబంధమే ఖాయం చేయమని నాయినకు చెప్పేశాను.  ఆ వారమంతా మా ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. శనివారం శంకరయ్య గుండీ లేని అంగీతో వచ్చి, గడప దాకా వచ్చి, తిరిగి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున మల్లయ్య చిన్నాయిన అందరికంటే ముందు వచ్చాడు. వెంట లక్ష్మమ్మ చిన్నమ్మ, చేతిలో గుడ్డ కప్పిన జొన్నరొట్టె. ఆయన జంపఖానా మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు, "నేను అన్నదమ్ముల్ని పోగొట్టుకుంటున్న అని వారం రోజులు ఏడ్సిన. గీమె ఒక్కటే మాట అన్నది. నీకు పదిమంది ఉన్నరు, నాకెవరున్నరు అన్నది. బతుకమ్మకు పుట్టింటి చీర కట్టుకోని ఒక్క ఏడన్న ఉన్ననా, నన్నెన్నడన్న అడిగినవా అన్నది. నిజమే, ఎన్నడడగలే. నాకున్న అన్నల్ని ఈమెకిస్తున్న. తీసుకోండ్రి." చెప్పి గడప దాటి అరుగు మీద కూర్చున్నాడు. లక్ష్మమ్మ అత్తమ్మ, అప్పటికే అత్తమ్మ అని మనసులో అనేసుకున్నాను, రొట్టె పది ముక్కలు చేసి పంచింది. పటేలు తన ముక్కను కళ్లకు అద్దుకుని తిన్నాడు. ఉప్పు మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ప్రతి బతుకమ్మకూ ఆమెకు పది చీరలు వచ్చేవి. అన్నలంతా కలిసి ఒకే దుకాణానికి పోయి, ఒకరికంటే ఒకరు తక్కువ కాకూడదని ఒకే రంగు తెచ్చేవాళ్లు. ఒక ఏడు పదీ చిలకపచ్చ, ఇంకో ఏడు పదీ వంకాయ రంగు. మా అత్తమ్మ ఏడాదంతా ఒకే చీర కట్టుకుంటుందని తెలియనివాళ్లు అనుకునేవాళ్లు. ఆమె మాత్రం విడిచిన చీరనూ కట్టిన చీరనూ చూపించి ఇది నాలుగో అన్నది, ఇది ఏడో అన్నది అని తేడా చెప్పేది.

ఇప్పుడు నేను ఉండే చోట అన్నా అనే మాట రోజుకు వందసార్లు వింటాను. ఆటో ఆయన అన్న, కూరగాయల ఆయన అన్న, కూడలిలో ఫ్లెక్సీ మీద దండం పెడుతున్న ఆయన అందరికీ అన్న. మా అపార్టుమెంటులో కూడా అందరం ఒకే కుటుంబమని ఒక సంఘం ఉంది. మొన్న మా ఆయన స్నానాల గదిలో జారిపడితే ఫోనులో అరవై నమస్కారాలు వచ్చాయి, తలుపు కొట్టినవాళ్లు లేరు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, పిలిస్తే వచ్చేవాళ్లే. ఆనాటి సంఘమూ బంగారమేమీ కాదు. అత్తమ్మ చేరేదాకా ఆడవాళ్లు పరదా వెనక చాయ్ కాచినవాళ్లే, అమ్మ చివరిదాకా కాచింది. నాకు బాధ ఎక్కడంటే, అప్పుడు ఒక మనిషిని అన్నా అంటే ఆ మాట మన దగ్గర నుంచి ఏదో తీసుకునేది. ఇప్పుడు ఏమీ తీసుకోవడం లేదు.

మా లగ్గం మంచిగానే జరిగింది. జరిగిన వారానికి వచ్చిన మొదటి ఆదివారం మాత్రం నేను మరిచిపోలేను. అప్పటికి నేను రైల్వే క్వార్టర్స్‌లో కొత్త కోడల్ని. ఇక నుంచి మీటింగుకు పోవాల్సింది అత్తమ్మ, మా మల్లయ్య మామ ఇంట్లో ఉండాలి. కానీ మామ తెల్లారకముందే లేచి, గడ్డం గీసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చున్నాడు. "ఈమెను జర దింపొస్త" అన్నాడు.  అమ్మను చూసే వంకతో నేను కూడా వెంట పోయాను. మా ఇంటి గడప దగ్గర మామ అలవాటు కొద్దీ చెప్పులు విప్పాడు. తర్వాత గుర్తొచ్చి మళ్లీ తొడుక్కున్నాడు. అత్తమ్మ లోపలికి పోయి అన్నల మధ్య జంపఖానా మీద కూర్చుంది.

మా నాయిన గబగబా బయటికి వచ్చాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీని తెచ్చి, భుజం మీది తువ్వాలతో తుడిచి, మామ ముందు వేశాడు. ఆడపిల్ల తండ్రి ఎట్లా వంగాలో అట్లా వంగి, "కూసోండ్రి బావా" అన్నాడు. ఇన్నేళ్లూ "కూసో మల్లయ్యా" అన్న నోరు అది. మామ ఆ కుర్చీ వైపు చూశాడు. లోపల అందరూ కింద కూర్చున్నారు. వాళ్ల మధ్య ఆయన ఎప్పుడూ కూర్చునే చోట అత్తమ్మ ఉంది. 

"గీ కుర్సీ నాకొద్దు రాములన్నా" అన్నాడు.

లోపల అందరూ చాయ్ తాగడం ఆపేశారు. వాళ్లు పెట్టుకున్న వరసలో ఆ ఒక్క మాట నిలిస్తే, పుస్తెల తాడు పసుపు ఇంకా ఆరని నేను ఏమవుతానో అందరికీ తెలుసు.  నాయిన కుర్చీ వీపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ప్రకాశం పెదనాయిన ఇంటి కప్పు వైపు కాసేపు చూసి, "బయట లారీ పోయింది, నాకేం ఇనరాలే" అన్నాడు. "నాకు గూడ ఇనరాలే. ఏం లారీలో ఏమో" అన్నాడు పటేలు. వరసగా పదిమందీ లారీని తిట్టారు. మా వీధిలోకి లారీ పట్టదు. అత్తమ్మ పక్కకు జరిగి జంపఖానా మీద చోటు చూపించింది. మామ చెప్పులు విప్పి వచ్చి కూర్చున్నాడు.

ఆ తర్వాత మామ బతికి ఉన్నన్నాళ్లూ ఆదివారం ఆదివారం మా వాకిట్లో లారీలు పోతూనే ఉన్నాయి.